చూశానన్న మాట

నన్ను కుక్క కరిచి ఇప్పటికి రెండు వానాకాలాలు దాటాయి. కర్నూలు డాక్టరు చెప్పిన గడువు ఎప్పుడో అయిపోయింది. అయినా పొద్దున్నే చెంబెత్తి మొదటి గుక్క నోట్లో పోసుకున్నప్పుడు గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ గుక్క దిగేదాకా నా భార్య సుగుణమ్మ పొయ్యి దగ్గర చెయ్యి కదపదు. దిగాక మళ్లీ పుల్లలు ఎగదోస్తుంది. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం. కాగితం మీద పెడితే కొంచెం తేలికపడతానేమోనని రాస్తున్నాను. మా లాంటి గతి పట్టినవాళ్లెవరైనా చదివితే వాళ్లకు ఒక తోడు.

కంభం దాటాక నల్లమల వైపు తిరిగే దారిలో మా పల్లె. అంతా కూలిజనం, క్రైస్తవ సంఘంలో చేరినవాళ్లం. అక్కడి మిషను బడికి నేను పంతుల్ని. మా వైపు పంతులును అయివారు అంటారు. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేనే కావడంతో, నాకు తెలియనిది ఉంటుందన్న ఊహే నాకు ఉండేది కాదు. ఆదివారం ఆరాధనలో ఎవరైనా వాక్యం తప్పు చదివితే కూర్చున్నచోటు నుంచే సరిచేసేవాణ్ణి. మా అమ్మ ఏదో పాత సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, ఆ కరువప్పుడు కాదు, దాని ముందు కరువప్పుడు అనేవాణ్ణి. సుగుణమ్మ నాతో వాదించడం పెళ్లయిన రెండో ఏడే మానేసింది. హద్దురాళ్ల తగాదా వచ్చినా జనం "అయివారు ఏమంటాడో కనుక్కోండి" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే నాకు అన్నం తిన్నంత తృప్తి.

అవి ఒంటిపూట బడి రోజులు. నా కుక్క మోతి బడి గడప దగ్గర పడుకునేది. నాలుగేళ్లుగా పెంచినది. పిల్లల చద్దిమూటలు పక్కనే ఉన్నా మూతి పెట్టేది కాదు. ఆ వారం అది కూడు సరిగా ముట్టలేదు. కరవడానికి ముందురోజు మిట్టమధ్యాహ్నం ఒట్టి గోడకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. పిలిస్తే తల తిప్పింది గానీ నన్ను చూడలేదు. నా భుజం పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, వాళ్లను చూసింది. నేను కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"దాన్ని కట్టేయి. దాని వాలకం బాగలే," అంది సుగుణమ్మ.

"ఎండకు అట్లుంది," అన్నాను. కట్టెయ్యలేదు.

మర్నాడు పొద్దున గురవమ్మ వచ్చింది. నల్లమల లోపలి చెంచు గూడెం ఆమెది. ఎండాకాలం వస్తే తేనె, కుంకుడుకాయలు తెచ్చి జొన్నలకు మార్చుకుపోయేది. బడి ముందర నీడలో గంప దించింది. నేను అప్పుడు వాకిలి వైపు వీపు పెట్టి నల్లబల్ల మీద ఎక్కాలు రాస్తున్నాను, పిల్లలూ బల్ల వైపే తిరిగి ఉన్నారు. కేక విని తిరిగేసరికి కుక్క ఆమె కుడిచేతిని పట్టుకుని ఉంది. మొరగడం లేదు, గుర్రుమనడం లేదు. చడీచప్పుడూ లేకుండా పట్టుకుని ఉంది. ఉరికి దాని మెడ పట్టి లాగాను. అది ఆమె చెయ్యి వదిలి నా ఎడమ పిక్క పట్టింది. అంతలో మా బావ ఏసోబు, సుగుణమ్మ అన్న, గడ్డపారతో వచ్చి ఒక్క దెబ్బ వేశాడు.

పల్లె అంతా చేరింది.

"పిచ్చికుక్క ఇది. నోరు చూడు," అన్నాడు బావ.

"పిచ్చిదేం కాదు," అన్నాను. కాలు మంటగా ఉంది, రక్తం కారుతోంది. అయినా నాకు తోచింది ఒకటే. నిన్న సుగుణమ్మ కట్టెయ్యమంది, నేను కట్టెయ్యలేదు. కుక్క పిచ్చిదైతే తప్పు నాది. "నాలుగేండ్లు పెంచినా. నాకు తెలీదా? ఈమె దాని తోక తొక్కింది, అందుకు కరిచింది."

గురవమ్మ కరిచిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. "నేను తొక్కలే అన్నా," అంది మెల్లగా. "అది నా ఎదురుగా వచ్చింది. నన్ను చూస్తా రాలే. నా వెనకమాల ఎవరో ఉన్నట్టు, వాళ్లను చూస్తా వచ్చింది."

నిన్న అది నా భుజం పక్కకు చూసిన చూపు గుర్తొచ్చింది. కానీ పల్లె మొత్తం నా నోటికేసి చూస్తోంది.

"తొక్కినావు," అన్నాను. "నా కండ్లతో చూసినా."

"అయివారు చూసినాడంట," అని వెనక ఎవరో అన్నారు. దాంతో తీర్పు అయిపోయింది. గురవమ్మ నా ముఖంలోకి ఒకసారి చూసింది. కోపం లేదు. ఎక్కడో పారేసుకున్న వస్తువు కోసం వెతుకుతున్నట్టు చూసింది. "అట్లనా," అని గంప ఎత్తుకుని కొండదారి పట్టింది. బావ కుక్కను వాగు ఒడ్డుకు ఈడ్చుకుపోయి కంపలేసి కాల్చేశాడు.

మొదటి రెండు మూడు రోజులు నేను ధైర్యంగానే ఉన్నాను. లేక అట్లా కనిపించాను. నాలుగో రోజు పై వీధిలో పోతుంటే ఒక సంగతి గమనించాను. ఆ వీధి కుక్కలు నన్ను చూస్తే మొరిగి మొరిగి చంపేవి. ఆ రోజు మొరగలేదు. అరుగు కింద పడుకున్న నల్లకుక్క లేచి, నన్ను చూసి, పరుగెత్తకుండా, నిదానంగా సందులోకి పోయింది. దాని వెనక ఇంకొకటి. వీధి చివరకు వచ్చేసరికి ఒక్కటీ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నా చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మర్నాడు కూడా అంతే.

మా అమ్మ ఏడు బావుల మాట ఎత్తింది. "కుక్క కరిచినోడు ఏడు బావుల్లో తన మొకం చూసుకోవాల కొడకా. మొకం కనపడితే గండం లేనట్టు. మీ తాత కాలంనాటి మాట."

అట్లాంటివి నమ్మకూడదని ఆదివారం బడిలో పిల్లలకు బోధించేవాణ్ణి నేనే. అయినా అమ్మ మనసు కోసం అని నాకు నేను చెప్పుకుని, జనం ఇళ్లలో ఉండే ఎండవేళ చూసి బయలుదేరాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చింది. మొదటి అయిదు మోటబావులు. నీళ్లు అడుగుకు పోయినా, నా ముఖం చిన్నగా, దూరంగా కనిపించింది. ఆరోది కొండదారి పక్కన పాడుబడ్డ దిగుడుబావి. ఎవరూ నీళ్లు తోడరు. మెట్లు విరిగి ఉంటే గట్టు మీద నుంచే వంగి చూశాం. గాలి లేదు. నల్లటి నీళ్లు కదలకుండా ఉన్నాయి. అందులో రాతి అంచు కనిపిస్తోంది. ఆ అంచు పక్కన అమ్మ తెల్లజుట్టు కనిపిస్తోంది. నేను ఉండాల్సినచోట ఆకాశం ఉంది.

ఇంకొంచెం వంగాను. ఆకాశమే ఉంది.

"కనపడినావా నాయనా? నాకు చూపు ఆనదు," అంది అమ్మ.

"కనపడినా," అన్నాను.

ఏడో బావిలో నా ముఖం మామూలుగానే కనిపించింది. నేను వంగిన వాటం వల్ల అట్లా అయిందేమో, కళ్లు ఎండకు చెదిరాయేమో. ఏం జరిగిందో చెబుతున్నాను, అంతే.

ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. పిక్కలో గాయం పైకి మానింది గానీ, లోపల చీమలు పాకుతున్నట్టు ఉండేది. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఒక మాట అన్నాక, అది నేనే అన్నానా అని ఆగి వినేవాణ్ణి. మా మూడేళ్ల పాప నా మీదికి ఎక్కబోతే సుగుణమ్మ వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది.

"కుక్క మంచిదేనని చెప్పినా గదా," అన్నాను.

"మంచిదైతే నీళ్లు తాగేటప్పుడు నా వైపు ఎందుకు చూస్తావు?" అంది.

ఎనిమిదో రోజున కర్నూలు పోవాలని నిర్ణయించుకున్నాను. పిచ్చికుక్క కరిచినవాళ్లకు అక్కడి పెద్దాసుపత్రిలో కడుపుకు సూదులు వేస్తారని విన్నాను. కానీ ఊళ్లో ఆ మాట చెప్పలేదు. బడి పని మీద పైవాళ్లు రమ్మన్నారని చెప్పాను. కుక్క మంచిదన్న నా మాట ఊళ్లో నిలిచే ఉండాలి, నా ప్రాణమూ దక్కాలి. రెండూ కావాలి నాకు. సుగుణమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. గడప దాటుతుంటే అడిగింది, "పాప నాయనా, ఆ చెంచామె సంగతేంది?"

"ఆమెకేం కాదు."

"నీకైతే అయితదా, ఆమెకు కాదా?"

జవాబు చెప్పకుండా స్టేషను దారి పట్టాను. ఆ జవాబు చెప్పకపోవడం ఈ మొత్తం జబ్బులో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని.

కంభంలో రైలెక్కి, నంద్యాల మీదుగా ద్రోణాచలంలో బండి మారి, తొమ్మిదోరోజు పొద్దున కర్నూలు చేరాను. డాక్టరు పెద్ద వయసు మనిషి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

"కుక్క ఏమైంది మాస్టారూ?"

"చంపినారండీ. కాల్చేసినారు."

"దాని తల పంపించి ఉంటే తేలేది. కట్టేసి పది రోజులు చూసినా తేలేది. ఇక తెలుసుకునే దారి లేదు. ఇంకెవరినైనా కరిచిందా?"

"లేదండీ," అన్నాను. అంత సులభంగా వచ్చింది ఆ మాట.

మొత్తం పద్నాలుగు సూదులు, రోజుకొకటి. సూది కన్నా కష్టం ఆ వరండాలో వంతు కోసం కూర్చోవడం. గోడ వెంట పొడుగాటి బల్ల. దాని మీద మేం పదిమందిమి ఉండేవాళ్లం. కొందరు చేతికి గుడ్డ కట్టుకుని, కొందరు కాలికి, ఒక ముసలామె చెంపకు. ఎవరూ కుక్కల మాట ఎత్తేవాళ్లు కాదు. మూలన ఒక నీళ్లకుండ, దాని మీద ఇత్తడి గ్లాసు. దాహం ఉన్నా లేకపోయినా, వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆ కుండ దగ్గరికే పోయేవాళ్లు. తాగేవాళ్ల గొంతును మిగతా అందరం చూసేవాళ్లం. గుటక దిగగానే బల్ల పొడుగునా అందరం ఒక్కసారి ఊపిరి వదిలేవాళ్లం. ఆ ముసలామె నా జ్వరం చూసి, తన మూటలోంచి శొంఠిముక్క తీసి నా చేతిలో పెట్టింది. పేరు కూడా అడగలేదు.

మూడో సూది రోజున ఆత్మకూరు వైపు బండి తోలుకునే మనిషి ఒకడు తన తమ్ముడితో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బలమైనవాడు. కరిచి నెల దాటిందన్నాడు.

"ఇన్నాళ్లూ రాలేదేం?" అని అడిగాను.

"మా ఊరి పెద్దాయన కుక్కను చూసినాడు గదా. మంచిదేనన్నాడు. ఇప్పుడు రెండురోజుల్నుంచి మెడ పట్టేసినట్టుంది. చలిగాలి తగిలిందేమో."

తమ్ముడు కుండలోంచి నీళ్లు తెచ్చాడు. బండి మనిషి గ్లాసు పెదవులదాకా తెచ్చాడు. అంతే, వెనక నుంచి ఎవరో జుట్టు పట్టి లాగినట్టు తల పక్కకు పోయింది. సిగ్గుపడి నవ్వాడు. "అడ్డం పడింది," అన్నాడు. నీళ్లు నోట్లో పోసుకోనే లేదు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అట్లాగే. బల్ల మీద ఒక్కరూ కదలలేదు. లోపల్నుంచి ఎవరో తలుపు తెరిస్తే ఆ కొంచెం గాలికే అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"పెద్దాయన మంచిదే అన్నాడు," అని ఆ చేతుల్లోంచే నాతో అన్నాడు. "ఆయన తప్పు చెప్పడు. చూసినాడు గదా."

ఇద్దరు మనుషులొచ్చి అతణ్ణి చివరి గదిలోకి తీసుకుపోయారు. తువ్వాలు బల్ల మీద ఉండిపోయింది. తరువాత వచ్చినవాళ్లు కిందయినా కూర్చున్నారు గానీ ఆ చోట కూర్చోలేదు.

నా వంతు రాకముందే లేచి లోపలికి పోయాను.

"అయ్యా, మొన్న అబద్ధం చెప్పినాను. ఇంకొకామెను కరిచింది. నాకంటే ముందు."

డాక్టరు నన్ను తిట్టలేదు. "ఎన్ని రోజులయింది? ఎక్కడ కరిచింది?" అని మాత్రం అడిగాడు.

"పదకొండు. చేతిమీద."

"వెంటనే రావాలి. ఆలస్యం చేసే టైము లేదు," అన్నాడు. సూది వేస్తూ, నా వైపు చూడకుండా, "చెప్పారు కదా. ఇప్పటికైనా చెప్పారు," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ రోజు నిలబడగలిగాను.

పోస్టాఫీసుకు పోయాను. కవరు కొనడానికి చెయ్యి చాచి ఆగాను. కవరులో రాస్తే బావ ఒక్కడే చదువుతాడు. చదివి, నా పరువు కాపాడాలని గుట్టుగా తనే పోతాడు. గూడెం ఎక్కడుందో వాడికి సరిగా తెలియదు. కార్డయితే కంభం పోస్టుమాస్టరు దగ్గర్నుంచి సంచి మోసేవాడిదాకా చదువుతారు. కార్డే తీసుకున్నాను. పిల్లలకు పలక మీద రాసిచ్చినంత పెద్ద అక్షరాలతో రాశాను.

"ఏసోబు బావకు వందనాలు. గురవమ్మ కుక్క తోక తొక్కడం నేను చూడలేదు. అప్పుడు నేను నల్లబల్ల వైపు తిరిగి ఉన్నాను. చూసినానని అబద్ధం చెప్పినాను. కుక్క పిచ్చిదో కాదో నాకు తెలియదు. నేను కర్నూలు వచ్చింది సూదుల కోసమే. గురవమ్మను వెంటనే ఇక్కడికి తీసుకురావాలి. ఈ కార్డు చదివిన ప్రతి ఒక్కరూ ఈ మాట చెంచుగూడేనికి అందేటట్టు చూడండి."

డబ్బాలో వేశాక అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. నేను బతికినా, నన్ను నమ్మిన ఊరికి తిరిగి పోవడం ఇక లేదని అనిపించింది.

మర్నాడు ఆసుపత్రిలో చివరి గది తలుపు తెరిచి ఉంది. నేల కడిగి ఉంది.

అక్కడి నుంచి రోజూ సూది కాగానే, ఉబ్బిన కడుపు చేత్తో పట్టుకుని స్టేషనుకు పోయేవాణ్ణి. బండి వచ్చేది, జనం దిగేవాళ్లు, ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేది. ఆ ఎండలో ఎవరో ఒక ఆడమనిషి గంప ఎత్తుకుని నిలబడినట్టు తోచేది. దగ్గరికి పోతే స్తంభం నీడ. జ్వరంలో ఉన్నాను, నిజమే. కానీ ప్రతిరోజూ అదే చోట, అదే మనిషి. ఆమె అప్పటికే పోయిందేమో, నాకోసం వచ్చిందేమో అన్న తలంపు వచ్చేది. వాక్యం చదువుకుందామని పుస్తకం తెరిస్తే, తప్పు చదివారని నేను మందలించిన వాళ్ల గొంతులే వినిపించేవి.

కరిచిన పదహారో రోజున బండి దిగినవాళ్లలో మా బావ కనిపించాడు. వెనక సుగుణమ్మ. ఆమె వెనక గురవమ్మ, చేతికి పసరు కట్టు. నేను కదలలేకపోయాను. ముందు అది స్తంభం నీడ కాదని తేల్చుకోవాలి కదా. ఆమె దగ్గరికొచ్చి దగ్గింది. నీడలు దగ్గవు.

కార్డు కంభం చేరిన పూటే పల్లెకు అందిందట. అడవిలో కట్టెలు కొట్టేవాళ్లు గూడెం దారి చూపించారట. గురవమ్మ మొదట రానన్నదట.

"నీ మాట మీద రాలే అన్నా," అంది గురవమ్మ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాక. "నీ మాట ఒకతూరి నమ్మినా, సాలు. నీ పెండ్లాం మా గుడిసె ముందర కూకొని లేవలే. ఒక పగలు, ఒక రేయి. తిండి పెట్టినా తినలే. అందుకొచ్చినా."

బల్ల మీద ఉన్నవాళ్లంతా వింటున్నారు. విననీ అనుకున్నాను.

"నువ్వు తొక్కలేదని చెప్పినావు. నేను చూడకుండానే చూసినానన్నా. తప్పు నాది గురవమ్మా. నువ్వు చెప్పిందే నిజం."

ఆమె తన చేతికేసి చూసుకుంటూ అంది.

"ఇప్పుడు నాకు తెలీదన్నా. ఆపొద్దు నాకు ఖాయంగా తెలుసు, తొక్కలేదని. నువ్వు అంత గట్టిగా చెప్పేసరికి, అందరూ అవునన్నాక, దారి పొడుగునా అదే తలుచుకుంటా పోయినా. ఇప్పుడు కండ్లు మూసుకుంటే నా కాలికింద దాని తోక ఉన్నట్టే ఉంటది. మెత్తగా తగులుతాది. నువ్వే పెట్టినావో, అప్పుడే ఉన్నిందో, నాకు తెలీడం లే."

నా జబ్బంతటిలో నేను వణికిపోయింది అప్పుడు. చివరి గదిని చూసినప్పుడు కూడా అంత వణకలేదు. కుక్కను కాల్చేశారు. చూసినది ఆమె ఒక్కతే. ఆమె కళ్లలో ఉన్నదాన్ని కూడా నేను చెరిపేశాను. నిజం తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఒక్కరూ లేకుండా పోయారు. క్షమించమన్నాను. ఆమె "దాహంగా ఉంది, నీళ్లు తే," అంది. తెచ్చి ఇచ్చాను. గుటక దిగింది. బల్ల పొడుగునా ఊపిరి వదిలారు.

బావ పల్లెకు తిరిగిపోయాడు. నా పద్నాలుగు సూదులు అయిపోయినా, ఆమెవి పూర్తయ్యేదాకా నేనూ సుగుణమ్మా అక్కడే ఉన్నాం. పన్నెండో సూది తరువాత గురవమ్మకు కాళ్లు తిమ్మిరెక్కి రెండు రోజులు నడవలేదు. సుగుణమ్మ ఆమె కాళ్లు పట్టింది. నేను ఏం చెయ్యాలో తెలియక పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం కూడా ఒక పని అని నాకు అక్కడే తెలిసింది.

"మూడు నెలలు జాగ్రత్తగా చూసుకోండి. ఏడాది దాటితే ఇక మర్చిపోండి," అన్నాడు డాక్టరు.

పల్లెకు వచ్చిన రోజు పై వీధి మలుపులో నల్లకుక్క లేచి నన్ను చూసి మొరిగింది. గొంతు చించుకుని మొరిగింది. నేను ఆ దుమ్ములోనే కూర్చుండిపోయాను. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని, "ఆరో బావిలో నేను కనపడలే అమ్మా," అని చెప్పాను.

"తెలుసు నాయనా. నీ గొంతు చెప్పింది. ఆపొద్దు నుంచి ప్రార్థనలో మోకాళ్లమీదనే ఉండా," అంది.

ఆ నెలలు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. పల్లెలో కొందరు నన్ను తప్పించుకు తిరిగారు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని బడి మాన్పించారు. సుగుణమ్మ గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసేది. ఒకరోజు లెక్కపెడితే నా లెక్కకూ ఆమె గీతలకూ ఒకరోజు తేడా వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను. నీళ్లు మింగినదానికంటే కష్టంగా దిగింది. తరువాత ఆలోచిస్తే, జ్వరంలో పడుకున్న రోజొకటి నేనే వదిలేసి ఉండవచ్చు. ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆదివారం ఎవరైనా వాక్యం తప్పు చదివితే మెడ నరం లాగుతుంది. అప్పుడప్పుడు ఓడిపోతాను కూడా. మొన్న చవితికి కూలి లెక్క మీద బావతో అరుపులదాకా పోయాను. మారిపోయానని రాస్తే అది ఇంకొక అబద్ధం.

మరుసటి ఎండాకాలం గురవమ్మ తేనెతో వచ్చింది. బడి వైపు రాలేదు, నేరుగా సుగుణమ్మ దగ్గరికి పోయింది. నేను ఎదురుపడితే, "నీళ్లు దిగుతా ఉండాయా అన్నా?" అంది. దిగుతున్నాయన్నాను. "నీకు?" అన్నాను. "దిగుతా ఉండాయి," అంది. ఆ తరువాత ఎప్పుడు కలిసినా మా పలకరింపు అదే.

ఏడాది దాటింది. ఇద్దరం బతికే ఉన్నాం. అప్పుడు మొదలయింది అసలు పరీక్ష. పల్లె మాట మార్చింది.

"చూసినారా, ఇద్దరికీ ఏం కాలే," అన్నాడు మా బావ పదిమందిలో. "కుక్క మంచిదే. అయివారు మొదటినుంచీ చెప్పిందే నిజం. భయానికి కర్నూలు పోయినాడు గానీ."

అందరూ నా వైపు చూశారు. ఆ పాత తృప్తి కడుపులోంచి పైకి లేచింది. ఊరకుంటే చాలు, పోయిన పరువంతా తిరిగొస్తుంది. నాకే తెలియకుండా నా పెదవులు నవ్వుకు సిద్ధమయ్యాయి.

"సూదులు పనిచేసినాయో, కుక్క మంచిదో, ఎవరికీ తెలీదు బావా," అన్నాను. వాళ్లకు ఆ జవాబు నచ్చలేదు. కుక్క మంచిదన్న మాటే నచ్చింది. అదే ఊరూరా పాకింది.

ఆ మాట పట్టుకునే ఈ మధ్య గిద్దలూరు అవతల నుంచి ఒకాయన వచ్చాడు. వెనక ఆయన భార్య, ముంజేతికి గుడ్డ చుట్టుకుని. వాన పడి దుక్కి అదునుమీద ఉన్న రోజులు.

"అయివారూ, నీ కుక్క మంచిదే అయిందంట గదా. ఊరికే పోయి పొడిపించుకున్నావంట. మాది కూడా పెంచిన కుక్కే. ఇప్పుడు కర్నూలంటే సేద్యం పోతాది. నీకు తెలుసు గాబట్టి నీ మాట ఒకటి చెప్పు, పోతాం."

"కుక్కేది?"

"రెండు దినాల్నుంచి కనపడలే."

నేను ఆ అమ్మ వైపు తిరిగాను. "ఎట్ల కరిచిందమ్మా?"

"ఈమె చెంబుతో అదిలించింది," అని ఆయన అందుకున్నాడు.

"ఆమెను చెప్పనీ అన్నా."

ఆమె భర్త వైపు చూసింది, నా వైపు చూసింది. తరువాత చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. చెప్పడం అయిపోయాక ఆయన నా నోటికేసి చూస్తూ నిలబడ్డాడు.

"అయితే ఏమంటావు అయివారూ? మంచిదా, పిచ్చిదా?"

"నాకు తెలియదు," అన్నాను. "నీకూ తెలియదు. బండికి ఇంకా టైముంది. నేనూ మీతో కర్నూలు వస్తా."

చొక్కా తొడుక్కుని వచ్చేసరికి ఆయన ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆమె అప్పటికే స్టేషను దారిలో సగం దూరం పోయింది.